ఒక్క బొమ్మే ఎందుకు తిరిగింది

హనుమన్న కర్నూలు స్కానింగ్ సెంటరు మెట్లెక్కేసరికి పది దాటింది. ముందు గదిలో కుర్చీల వరస చివర ప్రేమజ్యోతి కూర్చుని ఉంది. ఒళ్లో ఖాళీ బ్యాగు. ఆ బ్యాగులో ఉండాల్సిన ల్యాప్‌టాప్ ఎదుటి బల్ల మీద, లక్క సీలు వేసిన గుడ్డ సంచిలో ఉంది. సంచి పక్కనే కాలు మీద కాలు వేసుకుని హర్షవర్ధన్ కాఫీ తాగుతున్నాడు.

"రండి పెద్దాయనా," అన్నాడు హర్షవర్ధన్. "పన్నెండుకు పోలీసు జీపు వస్తుంది. ఈలోగా మీరు చూసేది చూసుకోండి."

హనుమన్న సంచి మీది సీలు వంగి చూశాడు. ముప్పై ఏళ్లు హెడ్ కానిస్టేబులుగా చేసి, దిగిపోయాక సొంతంగా ఎంక్వయిరీలు చేసుకుంటున్న మనిషి. అవసరం లేని చోట నోరు తెరవడు. నిన్న సాయంత్రం ప్రేమజ్యోతి తండ్రి జ్ఞానరాజు పత్తికొండ నుంచి వచ్చి, గడపలో నిలబడి ఒకే మాట అన్నాడు. "నా బిడ్డ అట్ల చేసే మనిషి కాదు సార్." ఆ మాట మీద వచ్చాడు.

కేసు చెప్పుకుంటే చిన్నదే. పత్తికొండలో టమోటా మండీ నడిపే ఓబుళేశుకు ఎడమ కిడ్నీలో గడ్డ లేచింది. స్కాను ఈ సెంటర్లోనే తీశారు. రిపోర్టులో మాత్రం గడ్డ కుడి కిడ్నీలో ఉన్నట్టు వచ్చింది. దానితో పంపిన రంగుల బొమ్మలోనూ అంతే. కడపలో ఆపరేషన్ చేసిన డాక్టరు ఆ బొమ్మను నమ్మి కుడి కిడ్నీ తీసేశాడు. గడ్డ లోపలి వైపు ఉండేది కాబట్టి పైకి చూస్తే ఏ కిడ్నీ అయినా ఒకటే. తీసిన కిడ్నీని ల్యాబులో కోసి చూశాక గాని అది మంచి కిడ్నీ అని తెలియలేదు. తర్వాత గడ్డ ఉన్న ఎడమదీ తీసేయక తప్పలేదు. ఓబుళేశు ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలిసిస్ మంచం ఎక్కుతున్నాడు.

ఆ బొమ్మను తయారు చేసే సాఫ్ట్‌వేరు పని చేసింది ప్రేమజ్యోతి. కావాలనే చేసిందని హర్షవర్ధన్ తేల్చాడు. హైదరాబాదు నుంచి సెంటరు వాళ్లు పిలిపించుకున్న కంప్యూటర్ నేరాల నిపుణుడు అతను.

హనుమన్న ఆ అమ్మాయి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నాకు కంప్యూటరు రాదు పాపా. రానోనికి చెప్పినట్టే చెప్పు."

ప్రేమజ్యోతి బ్యాగు పక్కన పెట్టింది. "డాక్టర్లు స్కాను బొమ్మలు చూసే సాఫ్ట్‌వేరు ఒకటుంటాది సార్. అది ట్రాక్టరనుకోండి. దానెనక గుంటక తగిలిస్తే చేనులో కలుపు తీస్తాది, గొర్రు తగిలిస్తే ఇత్తనం ఏస్తాది. అట్ల తగిలిచ్చేదాన్ని ప్లగిన్ మాడ్యూలంటారు. నేను పని చేసింది కిడ్నీల మాడ్యూలు. కడుపు స్కానులోంచి కిడ్నీలు రెండిట్నే ఏరి, రంగేసి చూపిస్తాది. గడ్డ యా పక్కుంటే ఆ పక్క పేరు రిపోర్టులో అదే రాసుకుంటాది."

"కడుపులో కడమవి, లివరూ అవీ?"

"కనపడవు."

"నువ్వు చేసిందేంది?"

"ట్రాక్టరు మార్చినారు సార్. పాత సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది పెట్టినారు. పాత గుంటక కొత్తదానికి పట్టదు. కొక్కీలు కోసి మళ్లా అతికియ్యాల. నేను కడప బ్రాంచిలో కూర్చోని నాలుగు నెలలు చేసింది అదే."

"ఆ తిప్పే లైను సంగతి చెప్పమ్మా," అన్నాడు హర్షవర్ధన్ కప్పు కింద పెట్టి.

ప్రేమజ్యోతి అతని వైపు చూడలేదు. "పాత మాడ్యూల్లో ఒక లైనుండాది సార్. కర్నూలు మిషన్ నుంచి వచ్చే బొమ్మయితే ఎడమ కుడి మార్చి చూపియ్యమని. ఎందుకో రాయలేదు. మొదట రాసిన జయకుమార్ సారు పోయినేడు చనిపోయినారు. సెంటరు మేడాన్ని అడిగితే, పదేండ్లుగా నడుస్తాండాది, కదిలియ్యొద్దు అన్యారు. అయినా నాకు మనసొప్పక ఆ లైను తీసి చూసినా. పాత బొమ్మలన్నీ తప్పుగా వచ్చినాయి. మళ్లా పెడితే అన్నీ సరిగ్గా వచ్చినాయి. అందుకని ఉంచినా."

"కొత్త మాడ్యూల్లో ఆ లైను ఈమె పేరు మీద ఉంది," అన్నాడు హర్షవర్ధన్.

"కొత్తదాంట్లో అన్ని లైన్లూ నా పేరు మీదే ఉంటాయి. ఎక్కిచ్చింది నేనే గదా."

"కొత్త మాడ్యూలు వచ్చినప్పటి నుంచి తీసిన నలభై స్కాన్లు తెరిచి చూశాను పెద్దాయనా. అన్నీ ఒప్పే. తిరగబడింది ఓబుళేశుది ఒక్కటే. ఈమె తండ్రికీ ఓబుళేశుకూ పత్తికొండ మండీలో చొక్కాలు పట్టుకునేంత గొడవ జరిగింది, చూసినవాళ్లు ఉన్నారు. ఇంకా ఏం కావాలి మీకు?"

"ఆ ఒక్కటే ఎట్ల తిరిగిందప్పా?"

"అది ఈమె చెప్పాలి. స్టేషన్లో చెబుతుంది."

"అంటే నీకు తెల్దు," అని హనుమన్న లేచాడు.

డాక్టర్ లక్ష్మీప్రియ గది లోపలి వైపు ఉంది. సెంటరు ఆమెదే. స్కాను రిపోర్టుల మీద సంతకాలూ ఆమెవే. హనుమన్నను చూసి కుర్చీ చూపించింది గాని చేతిలో ఫోను కింద పెట్టలేదు.

"ఓబుళేశు రిపోర్టు మీద సంతకం మీదే గదా మేడం?"

"నాదే."

"యాడ కూర్చోని పెట్టినారు?"

"కారులో. డోను ఊరి దగ్గర. రిపోర్టు ఫోన్లోకి వస్తుంది, చూసి పెట్టేస్తాను."

"కడుపంతా చూసినారా, కిడ్నీల బొమ్మ ఒకటే చూసినారా?"

"కిడ్నీల బొమ్మ చూశాను. మాడ్యూలు ఉన్నదే అందుకు."

"లివరు యా పక్కుంటాది మేడం?"

లక్ష్మీప్రియ ఫోను బల్ల మీద పెట్టింది. "కుడి పక్క."

"కడుపంతా తెరిచి చూసింటే?"

"చూసి ఉంటే లివరు ఎడమ పక్క కనపడేది. బొమ్మ తిరిగిందని తెలిసిపోయేది."

"ఆ లైను ఉంచమని మీరు చెప్పిన మాట నిజమేనా?"

"నిజమే. అది ఎందుకుందో నాకూ తెలియదు. మిషను కొత్తలో జయకుమార్, శ్రీనివాసులు కూర్చుని ఏదో సర్దుకున్నారు. బొమ్మలు బాగా వస్తున్నాయి కదా అని నేను అడగలేదు."

శ్రీనివాసులు స్కాను తీసే టెక్నీషియన్. మిషను వచ్చిన నాటి నుంచి ఆ గదిలోనే ఉన్నాడు. హనుమన్న వెళ్లేసరికి బెంచీ మీద పరిచే కాగితం మారుస్తున్నాడు. స్కాను లేదు కాబట్టి గది తలుపు బార్లా తీసి ఉంది.

"ఓబుళేశు స్కాను నువ్వే తీసినావా?"

"లేదు సార్. ఆ దినం నేను ఈడ లేను. మా మనవరాలికి పుట్టెంట్రుకలు తీపిచ్చేకి అహోబిలం పోయింటి. కడప బ్రాంచి నుంచి ఏసురాజు వచ్చినాడు నా బదులు."

హనుమన్న గది చుట్టూ ఒకసారి తిరిగాడు. పెద్ద రింగు ఒక గోడకు దగ్గరగా బిగించి ఉంది. దాని లోపలికి జరిగే పొడుగాటి బెంచీ. ఆయన కళ్లు బెంచీ మీదే ఆగాయి. దిండు రింగుకు దూరంగా, అవతలి కొసన ఉంది. రింగు వైపు కొసన రెక్సిన్ రెండు చోట్ల నున్నగా అరిగి ఉంది. మడమలు ఆనే చోటు ఎట్లా అరుగుతుందో అట్లా.

"నేనూ పండుకుంటా శ్రీనివాసులూ. తలకాయ యా పక్క పెట్టాల?"

"ఈ పక్క సార్." దిండు చూపించాడు.

"రింగు పక్క పెడితే?"

"వద్దు సార్."

"ఎందుకు?"

శ్రీనివాసులు కాగితం అంచు సర్దుతూ ఉండిపోయాడు. హనుమన్న చెప్పులు విడిచి బెంచీ ఎక్కి, తల రింగు వైపు పెట్టి వెల్లకిలా పడుకున్నాడు. తలుపులోంచి వచ్చే పొద్దుటి ఎండ ఎడమ చెంప మీద పడింది. ఎండ ఎడమ పక్క, అంటే తూర్పు ఎడమ పక్క. ఆయనకు శకునాలు, వారాలు పట్టవు. అయినా మెడ వెనక ఏదో పాకినట్టయింది. పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచి ఏ మంచం మీదా ఆయన అట్లా పడుకోలేదు. ఎవరూ పడుకోనివ్వలేదు.

లేచి కూర్చున్నాడు.

"ఉత్తరం," అన్నాడు.

శ్రీనివాసులు ఊపిరి వదిలాడు. "ఏం జేయమంటారు సార్. రింగు బిగిచ్చినోళ్లు కరెంటు వసతి చూసుకున్యారు గాని దిక్కు చూసుకోలేదు. మొదటి వారమే ఒకామె, నన్ను సంపేకి పండబెడ్తాండావా అని దిగిపాయ. ఇంకొకాయన, మా నాయనే చెప్పినా నేను ఉత్తరం తల పెట్టనని ఇంటికి పాయ. తలకాయ స్కానుకైతే తప్పదని బతిమాలుకుంటాం. కడుపు స్కానుకు ఎందుకీ గలాటా అని, కాళ్లు రింగు పక్క పెట్టి పండబెట్టడం మొదలుపెట్టినా. అప్పట్నుంచి అందరినీ అట్లే."

"తిప్పి పండబెట్టినావని మిషన్‌కు ఎట్ల తెలుస్తాది?"

"మనం చెప్పాల సార్. తల ముందా, కాళ్లు ముందా అని కంప్యూటర్లో ఒక మీటుంటాది."

"చెప్తావా?"

"చెప్పను." నేల వైపు చూశాడు. "కంపెనీవాళ్లు తల ముందని పెట్టిపోయినారు. మనిషి మనిషికీ మార్చుకుంటా పోతే ఒకరికి మారిస్తే ఒకరికి మర్చిపోతాం. మార్చకపోతే మిషను ఎడమను కుడి అనుకుంటాది. జయకుమార్ సారుతో చెప్తే, నువ్వు మీట ముట్టనే ముట్టొద్దు, కిడ్నీలదైనా, కడుపంతా చూపేదైనా, నేను చూసే ప్రతి మాడ్యూల్లోనూ తిప్పుకుంటా అన్యాడు. ఇది రూలు కాదు సార్. బయట తెలిస్తే లైసెన్సు పోతాదని ఎవురికీ చెప్పలేదు."

"మేడానికి?"

"ఆమెకూ చెప్పలేదు."

హనుమన్న ఫోను తీసి ఏసురాజు నంబరు అడిగి తీసుకున్నాడు. రెండోసారి మోగగానే ఏసురాజు ఎత్తాడు.

"ఓబుళేశని, పత్తికొండ మండీ ఆయన. స్కాను తీసినావు. గుర్తుండాడా?"

"ఎట్ల మర్చిపోతా సార్. ఉత్తరానికి తల పెట్టమంటే బెంచీ దిగి, మీ చర్చిలో ఎట్లన్నా పండుకోరి, నేను పండుకోను అన్యాడు. సరేలే పెద్దాయన గదా అని కాళ్లు ముందు పెట్టి పండబెట్టినా."

"మీట?"

"కాళ్లు ముందని మార్చినా. మార్చాల గదా సార్. మా కడపలో అట్లే మారుస్తాం." అతని గొంతు తగ్గింది. "ఏం సార్, నేనేమన్నా తప్పు చేసినానా?"

"లేదప్పా. నువ్వొక్కనివే ఒప్పు చేసినావు," అని ఫోను పెట్టేశాడు.

ముందు గదికి వచ్చేసరికి హర్షవర్ధన్ గడియారం చూసుకుంటున్నాడు. పదకొండున్నర కావస్తోంది. హనుమన్న నిలబడే చెప్పాడు. ఈడ జనం ఉత్తరానికి తల పెట్టరు. శ్రీనివాసులు తిప్పి పడుకోబెట్టి, ఆ మాట మిషన్‌కు చెప్పడు. మిషను ఎడమను కుడి అనుకుంటుంది. మాడ్యూల్లో ఉన్న లైను దాన్ని మళ్లా తిప్పి సరిచేస్తుంది. నలభై బొమ్మలు ఒప్పుగా వచ్చింది అందుకే. ఓబుళేశు స్కాను నాడు ఏసురాజు మిషన్‌కు నిజం చెప్పాడు. మిషను సరిగ్గానే రాసుకుంది. సరిగ్గా ఉన్నదాన్ని లైను తిప్పేసింది.

హర్షవర్ధన్ నవ్వాడు. "కథ బాగుంది. దిక్కులు, నమ్మకాలు. కోర్టులో చెబుతారా ఇది?"

"కోర్టు దాకా ఎందుకు. ఆ మీట ఎట్లుందో ప్రతి స్కానులో రాసుంటాది గదా. నీకు కంప్యూటరు వస్తాది, తెరిచి చూడు."

హర్షవర్ధన్ రిసెప్షన్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఓబుళేశు స్కాను తెరిచాడు. కాళ్లు ముందు. ఇంకొకటి తెరిచాడు. తల ముందు. ఇంకొకటి, తల ముందు. పదో దాని దగ్గర ఆగి, మౌసు మీద నుంచి చెయ్యి తీసేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను బొమ్మలు చూశాను," అన్నాడు. "ఇది చూడలేదు."

"చూసింటే ఆ పాప సంచికి సీలు పడేది కాదు."

"అయినా కారణం తెలియని లైను ఉంచడం ఆమె తప్పే కదా."

"తీసేస్తే నలభై మంది బొమ్మలు తప్పొచ్చేవి సార్," అంది ప్రేమజ్యోతి కుర్చీలోంచి లేవకుండానే. "ఎందుకని నేను అడిగితే చెప్పేవాళ్లు లేరు."

హనుమన్న కంప్యూటరు వైపు వంగాడు. "నీ నలభై స్కాన్లు ఎప్పటిదాకా ఉండేవప్పా?"

"కేసు పెట్టిన రోజు దాకా. తర్వాతవి చూడాల్సిన పని లేదు. ఆ రోజు నుంచి ఇక్కడ అంతా నేను చెప్పినట్టే జరుగుతోంది. శ్రీనివాసులును పిలిచి చెప్పాను, ప్రతి మీటా రూలు ప్రకారం..."

మాట మధ్యలో ఆగిపోయింది. స్కాను గది గుమ్మంలో శ్రీనివాసులు నిలబడి ఉన్నాడు.

"అవును సార్," అన్నాడు శ్రీనివాసులు. "కేసయినప్పట్నుంచి భయపడి కాళ్లు ముందనే కొడ్తాండా. ఈ సారు చెప్పినట్టే."

"మరి ఆ లైను?" అన్నాడు హనుమన్న.

"సాక్ష్యం," అన్నాడు హర్షవర్ధన్ మెల్లగా. "ఎవరూ ముట్టొద్దని చెప్పాను. అట్లాగే ఉంది."

లక్ష్మీప్రియ ఎప్పుడు వచ్చిందో, వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఎవరూ అడగకుండానే కంప్యూటరు దగ్గరికి వచ్చి, హర్షవర్ధన్ను లేపి తను కూర్చుంది. కేసు తర్వాత కిడ్నీల మాడ్యూలు మీద వెళ్లిన రిపోర్టులు ఆరు. అన్నిటి మీదా ఆమె సంతకం. చెడింది ఆ ఒక్కటేనని హర్షవర్ధన్ చెప్పాక ఆమె మళ్లీ ఫోన్లోనే పెట్టింది.

"సిద్దమ్మ," అంది. "పులివెందుల దగ్గర ఊరు. ఎడమ కిడ్నీ అని ఇచ్చాను. ఆపరేషన్ ఈరోజు. కడపలో."

"కడుపంతా తెరువు మేడం."

తెరిచింది. బూడిద రంగు బొమ్మ తెర నిండా వచ్చింది. హనుమన్నకు అందులో ఏమీ అర్థం కాలేదు. లక్ష్మీప్రియ వేలు మాత్రం తెర మీద ఒక పెద్ద తెల్లటి ముద్ద దగ్గర ఆగి, అక్కడే ఉండిపోయింది.

"లివరు," అంది. "ఎడమ పక్క ఉంది."

కడప డాక్టరు ఫోను స్విచాఫ్. ఆసుపత్రి నంబరు మోగి మోగి ఆగిపోయింది. ప్రేమజ్యోతి తన ఫోను తీసింది. ఆ ఆసుపత్రి థియేటర్లో పని చేసే నర్సు క్రిస్టినా ఆమెతో పాటు చర్చి క్వయర్లో పాడుతుంది.

"అక్కా, నేను జ్యోతిని. సిద్దమ్మ అనే పేషెంటు..."

"లోపలే ఉంది పాపా. మత్తిచ్చినారు. డాక్టరు సారు చేతులు కడుగుతాండాడు. ఏమాయ?"

"యా పక్క గీత గీసినారక్కా?"

"ఎడమ."

"కుడక్కా. గడ్డ కుడి పక్కుండాది. బొమ్మ తిరిగింది. కొయ్యొద్దని చెప్పు. నువ్వు లోపలికి పో అక్కా, ఫోను పట్టుకోనే పో."

ప్రేమజ్యోతి స్పీకరు నొక్కి ఫోను బల్ల మీద పెట్టింది. తలుపు తోసిన చప్పుడు వినపడింది. క్రిస్టినా ఎవరితోనో గబగబా చెబుతోంది. తర్వాత మగ గొంతు దగ్గరికి వచ్చింది.

"ఎవరు మాట్లాడేది?"

"సార్, నేను ప్రేమజ్యోతిని. కర్నూలు సెంటరు సాఫ్ట్‌వేరు..."

"నీ పేరు నాకు బాగా తెలుసమ్మా. ఓబుళేశు బొమ్మ తిప్పిన పిల్లవు నువ్వే గదా. నువ్వు పక్క మార్చమంటే నేను మార్చాలా? ఫోను పెట్టు."

"వద్దు సార్, పెట్టొద్దు."

బయట జీపు ఆగింది. తలుపు వేసిన చప్పుడు, మెట్ల మీద బూట్లు. కానిస్టేబులు గుమ్మంలోకి వచ్చి, అందరూ ఒక ఫోను చుట్టూ నిలబడి ఉండటం చూసి అక్కడే ఆగాడు.

హనుమన్న హర్షవర్ధన్ వైపు చూశాడు. ఆ అమ్మాయే బొమ్మ తిప్పిందని కేసు పెట్టినప్పుడు కడప డాక్టరుకు స్వయంగా ఫోను చేసి చెప్పింది హర్షవర్ధనే. ఇప్పుడు కానిస్టేబులు వింటుండగా ఆ మాట వెనక్కి తీసుకుంటే కేసు అక్కడికక్కడే పోతుంది.

హర్షవర్ధన్ బల్ల మీదికి వంగాడు. "డాక్టరుగారూ, నేను హర్షవర్ధన్. ఆ అమ్మాయి చెప్పింది నిజం. ఓబుళేశు బొమ్మ కూడా ఆమె తిప్పలేదు. పొరపాటు నాది. సిద్దమ్మకు కత్తి పెట్టొద్దు."

"మేడం ఉన్నారా ఆడ?"

"ఉన్నాను," అంది లక్ష్మీప్రియ. "లివరు చూశాను. కుడి కిడ్నీయే. నా రిపోర్టు తప్పు."

అవతల ఏదో లోహపు పళ్లెంలో పెట్టిన చప్పుడు అయింది. ప్రేమజ్యోతి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కానిస్టేబులు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఫోను మాత్రం ఆగలేదు. కడప డాక్టరు ఊపిరి వినపడుతోంది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో కోపం లేదు.

"మేడం, కేసయిన తర్వాత మీ సెంటరు నుంచి వచ్చిన బొమ్మలన్నీ ఇట్లే ఉంటాయా?"

"అన్నీ," అంది లక్ష్మీప్రియ. "ఆరు. కానీ ఆపరేషన్‌కు రాసింది సిద్దమ్మకు ఒక్కదానికే. మిగిలినవాళ్లకు మందులే."

"మీరు రాసింది ఒకటే. ఇంకొకాయన మీ రిపోర్టు పట్టుకోని తిన్నగా నా దగ్గరికే వచ్చినాడు." డాక్టరు ఆగాడు. "మొన్న శుక్రవారం తీసేసినా మేడం. కిడ్నీ ఇంకా ల్యాబులోనే ఉండాది."